సీసా మీద గీత

మా ఇంట్లో పాలు కొలిచే లాక్టోమీటర్ ఉంది. నార్కట్‌పల్లిలో మా వీధికి పాలు పోసే సాయిలు నన్ను చూస్తేనే మొహం ముడుచుకుంటాడు. అతను క్యాన్ దించీ దించగానే నేను ఆ గాజు గొట్టాన్ని పాలలో ముంచి, అంకె చదివి, అప్పుడు గానీ గిన్నె ముందుకు జరపను. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నీళ్ళు దొరకలేదు. దొరకలేదు కాబట్టి సాయిలు మంచివాడని మా ఆయన అంటాడు. నేను రోజూ ముంచుతున్నాను కాబట్టే కలపట్లేదని నేనంటాను. నాకు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆధార్ కార్డు అడుగుతానని మా ఆయన ఊరంతా చెప్పుకుంటాడు. అడుగుతాను. అడిగితే తప్పేముంది?

నా బుద్ధి ఇలాంటిదని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను వెనకేసుకు రాకుండా. ఎందుకంటే మొన్న వానాకాలంలో ఈ బుద్ధి వల్లే ఒక మనిషి పంతొమ్మిదేళ్ళ పని చెయ్యి జారిపోబోయింది.

నా పేరు మంజులత. చౌటుప్పల్ దాటాక హైవే మీద నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు పోతే ఒక చిన్న కాగితం మిల్లు వస్తుంది. అందులో ల్యాబ్ కెమిస్టును. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, రెండు బల్లలు, ఒక సింకు, నేను, గాజు సామాను కడిగే బాలనర్సమ్మ.

కట్టె అంటే సన్నని పోగుల కట్ట. ఆ పోగులను ఒకదానికొకటి అతికించి పట్టుకునే బంక పేరు లిగ్నిన్. చెట్టు గాలికి వంగిపోకుండా నిలబడేది దాని బలంతోనే. కాగితం చేసేవాళ్ళకు మాత్రం ఆ బంకే శత్రువు. రైతులు తెచ్చే సుబాబుల్, జామాయిల్ కట్టెను ముక్కలు కొట్టి, డైజెస్టర్ అనే పెద్ద ఇనుప పాత్రలో నింపి, కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్ళు పట్టించి, మూత బిగించి, నూట అరవై ఐదు డిగ్రీల వేడి మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఆ ఘాటుకు లిగ్నిన్ ముక్కలుముక్కలుగా తెగి, నీళ్ళలో కరిగి, నల్లటి కషాయమై బయటికి పోతుంది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఊరంతా కొడుతుంది. మిగిలిన పోగులే గుజ్జు. మా మిల్లులో దీన్ని అందరూ వంట అనే అంటారు.

ఈ వంటలో కిటుకు ఆపడంలో ఉంది. ముందే ఆపితే బంక మిగిలిపోయి కాగితం పసుపు తిరుగుతుంది. ఆలస్యంగా ఆపితే, బంక అయిపోయిన తర్వాత ఆ ఘాటు ఊరుకోదు కదా, పోగుల మీదే పడుతుంది. అప్పుడు కాగితానికి సత్తువ ఉండదు, మిషన్ మీదే చిరిగిపోతుంది. గుజ్జులో ఇంకా ఎంత బంక ఉందో చెప్పే అంకెను కప్పా నంబర్ అంటారు. మాకు పద్దెనిమిది రావాలి. ఇరవై దాకా సర్దుకుంటాం. ఆ అంకె తేల్చేది నేను. వంట చేసేది ఇస్రాయేలు.

ఇస్రాయేలుకు యాభై ఐదేళ్ళు. మిల్లు పెట్టిన రెండో ఏట చెక్కలు మోసే కూలీగా చేరి, వంట నేర్చుకుని డైజెస్టర్ మీదికి ఎక్కాడు. మాకు ఒక్కటే డైజెస్టర్, రోజుకు రెండు వంటలు, రెండూ పగలే, రెండూ అతనివే. అతని తండ్రి బతుకంతా ఒక దొర పొలంలో వెట్టి చేసిన మనిషి. ఆ ఇంట్లో మెడలో మిల్లు బిళ్ళ వేసుకుని డ్యూటీకి పోయిన మొదటివాడు ఇతనే. ఆదివారం చర్చికి కూడా ఆ బిళ్ళ జేబులో పెట్టుకుని పోతాడని మిల్లులో నవ్వుకుంటారు.

ఇక నా పరీక్ష. గుజ్జులో కొలిచిన పర్మాంగనేట్ ద్రావణం పోస్తాను. ఆ ఊదారంగు నీళ్ళు లిగ్నిన్‌ను తింటూ తామూ ఖర్చయిపోతాయి. పది నిమిషాలయ్యాక, ఖర్చు కాకుండా మిగిలిన దాన్ని నీలం రంగుకు తిప్పి, బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి హైపో ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ, ఆ నీలం పోవడానికి ఎంత పట్టిందో కొలుస్తాను. పోసిన దాంట్లోంచి మిగిలింది తీసేస్తే బంక ఎంత ఉందో తేలుతుంది. అయితే పోసిన ద్రావణం బలం ఎంతో ముందు తెలియాలి. అందుకని గుజ్జు వెయ్యకుండా అదే పరీక్ష ఒకసారి చెయ్యాలి. దాన్ని బ్లాంక్ అంటారు. రోజూ చెయ్యాలని రూలు. నేను సోమవారం కొత్త ద్రావణం కలిపినప్పుడు చేసి, యాభై అని రాసుకుని, మిగతా ఐదు రోజులూ రిజిస్టర్లో అదే యాభై దించేసేదాన్ని. అదే జాడీ, అదే ద్రావణం. మధ్యలో దాని బలం ఎందుకు మారుతుంది? ఆరేళ్ళుగా మారలేదు.

ల్యాబులో నేను జాగ్రత్తపడే విషయం వేరే ఉండేది. దొంగతనం. కిందటి ఏడాది స్పిరిట్ సీసాలో సగం మాయమైంది. ఎవరు తాగారో తేలలేదు. అప్పటి నుంచి ప్రతి సీసా మీదా సాయంత్రం ఇంటికి పోయే ముందు నల్ల మార్కర్‌తో గీత గీసి, తేదీ వేసి, బస్సుకు పరుగెత్తేదాన్ని. పొద్దున వచ్చి ముందు గీతలు చూసేదాన్ని. నేను పోయాక గంటసేపు బాలనర్సమ్మ ఒక్కతే గాజు సామాను కడుగుతూ ఉండేది. ఆ గీతలు తన కోసమేనని ఆమెకు తెలుసు. తెలియాలనే గీసేదాన్ని.

జులైలో ఒక సోమవారం, నేను ఐదు లీటర్ల జాడీలో కొత్తగా పర్మాంగనేట్ కలుపుతుంటే బాలనర్సమ్మ వచ్చి బల్ల పక్కన నిలబడింది. వాళ్ళ గొర్రెలకు ముసురుకు గిట్టల మధ్య పుండ్లు పడ్డాయట. ఊదా నీళ్ళతో కడగమని పశువుల డాక్టరు చెప్పాడట. ఊళ్ళో లేదు, చౌటుప్పల్లో రెండు మందుల దుకాణాల్లో అడిగితే ఇప్పుడు అది ఎవరు వాడుతున్నారమ్మా అన్నారట.

"జర గిన్ని ఇస్తరా మేడం? బకెట్ల కలుపుకుంట. గొర్లు నడుస్తలేవు," అంది.

నేను ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఇవ్వకపోయాను, ఊరికే లేదనవచ్చు కదా. అలా అనలేదు. ఇవాళ గొర్రెలకంటావు, రేపు ఇంకెవరికో అంటావు, మిల్లు సొత్తు ఇలాగే పోతుంది అన్నాను. కిందటి ఏడాది స్పిరిట్ మాట కూడా తీశాను. ఆమె తల వంచుకుని చీపురు తీసుకుంది. నేను జాడీ మీద గీత కాస్త లావుగానే గీశాను.

ఆ వారం నుంచే అంకెలు చెడ్డాయి. సోమవారం పద్దెనిమిది. మంగళవారం ఇరవై. బుధవారం ఇరవై ఒకటి, తర్వాత ఇరవై మూడు, ఇరవై ఐదు. శనివారం ఇరవై ఏడు. వారం మొదట్లో బాగా వండిన మనిషి వారం చివరికి పచ్చి గుజ్జు దించుతున్నాడన్నమాట. మరుసటి సోమవారం మళ్ళీ పద్దెనిమిది. మంగళవారం మళ్ళీ ఎక్కడం.

పద్దెనిమిది చూసిన ఆ రెండో సోమవారమే నా అనుమానం గట్టిపడింది. చెయ్యలేనివాడైతే వారమంతా చెయ్యలేడు. ఇతను చెయ్యగలిగీ చెయ్యట్లేదు. ఆదివారం పాస్టర్ పెట్టిన భయం రెండు రోజులు పనిచేసి ఆరిపోతోందని నాలో నేను నవ్వుకున్నాను కూడా. ఆ మాటకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. త్వరగా ఇంటికి పోవడానికి వంట అరగంట ముందే దించేస్తున్నాడనుకున్నాను. లేదా కాస్టిక్ తక్కువ పట్టించి బస్తాలు బయటికి పంపుతున్నాడేమో. నిప్పు లేనిదే పొగ రాదు కదా.

ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్ సార్‌కు అంకెలు ఇచ్చాను. అనుమానాలు కూడా ఇచ్చాను, అడక్కపోయినా. ఆయన ఇస్రాయేలును పిలిచి కాస్టిక్ పెంచమన్నాడు, వంట అరగంట పొడిగించమన్నాడు. ఆ మధ్యాహ్నం ఇస్రాయేలు తడి చేతులతో ల్యాబుకు వచ్చాడు. అరచేతిలో గుప్పెడు గుజ్జు. బొటనవేలితో రుద్ది నాకు చూపించాడు. నేను చూడలేదు, రిజిస్టర్ రాసుకుంటున్నాను.

"వంట మంచిగనే అయితాంది మేడం. గీ గుజ్జు చూడు, వెన్న లెక్క ఉన్నది. ఇంకా ఉడకబెడితే పోగు తెగుతది. జర నీ సీసాలు గూడ ఒకపారి చూసుకో."

ఒళ్ళు మండిపోయింది. నా సీసాలా? రోజూ గీత గీసి, తేదీ వేసి, పొద్దున్నే సరిచూసుకునే నా సీసాలా? వేళ్ళతో రుద్ది చెప్పే మనిషి బ్యూరెట్‌కు వంక పెడతాడా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అని పైకే అన్నాను. అతను గుజ్జును డస్ట్‌బిన్‌లో వెయ్యకుండా అలాగే గుప్పిట్లో పట్టుకుని వెళ్ళిపోయాడు.

కాస్టిక్ పెంచాక కూడా శుక్రవారం ఇరవై రెండు, శనివారం ఇరవై మూడు వచ్చింది. దానికి తోడు కొత్త గొడవ. పేపర్ మిషన్ మీద కాగితం చిరగడం మొదలైంది. షిఫ్టుకు ఒకసారి చిరిగేది ఎనిమిదిసార్లు చిరిగింది. పచ్చి గుజ్జు అయితే కాగితం పసుపు తిరగాలి గానీ ఇలా చిరగకూడదు. చదువుకున్నదాన్ని, నాకు అక్కడే అనుమానం రావాలి. వచ్చింది. కాకపోతే ఇస్రాయేలు మీదే వచ్చింది. కోపంతో కావాలనే పాడు చేస్తున్నాడనుకున్నాను. అనుమానం పెనుభూతం అని మా అవ్వ ఊరికే అనేది కాదు. అది పట్టుకున్నాక ఏ సాక్ష్యమైనా దానికే మేత అవుతుంది.

మూడో సోమవారం కప్పా పద్నాలుగు వచ్చింది. చూశారా సార్, తలుచుకుంటే ఎలా దించుతాడో అన్నాను వెంకటేశ్ సార్‌తో. ఆయన కూడా విసిగిపోయి ఉన్నాడు. హైదరాబాద్ నుంచి యజమాని రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఈ శనివారం కూడా అంకె ఇరవై దాటితే ఇస్రాయేలును పని నుంచి తీసేసి, బయట నుంచి ఇంకొకతన్ని తెస్తానన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికల్లా మిల్లంతా పాకింది. యాభై ఐదేళ్ళ మనిషిని, వంట చెడగొట్టాడని పేరు పడ్డవాణ్ణి, ఇంకో మిల్లు గేటు లోపలికి కూడా రానివ్వదు. అది నాకు తెలియక కాదు. తెలిసే ఊరుకున్నాను.

గురువారం అతన్ని గట్టిగా పట్టుకుందామని ఒక పని చేశాను. అతని వంటలోంచి గుజ్జు రెండు భాగాలు తీశాను. ఒకటి నేను పరీక్షించాను, ఇరవై వచ్చింది. రెండోది సంచిలో కట్టి నల్గొండలో నా స్నేహితురాలు నిరోషకు పంపాను. ఆమె ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకుంటుంది. బయటి ల్యాబ్ కాగితం కూడా చేతిలో ఉంటే ఇస్రాయేలు ఇక నా సీసాల పేరెత్తడని నా ఉపాయం.

శనివారం పొద్దున బస్సులో ఉండగా నిరోష ఫోన్ చేసింది. "పద్నాలుగే," అంది. ఒకటికి రెండుసార్లు చేశానంది.

ముందు నిరోషనే అనుమానించాను, అబద్ధమెందుకు? ద్రావణం సరిగ్గా కలిపావా, బ్లాంక్ చేశావా అని అడిగాను. చెయ్యకుండా ఎలా లెక్క కడతావే అని ఆమె నవ్వింది. ఆ నవ్వు విన్నాకే, గురువారం నేను రాసిన యాభై సోమవారానిదని గుర్తొచ్చింది. తర్వాత నాలుగు స్టాపులు నేను ఎవరితో మాట్లాడానో, టికెట్ ఎక్కడ పెట్టానో గుర్తు లేదు.

ల్యాబ్ తలుపు తీసి ముందు జాడీ చూశాను. ద్రావణం నిన్నటి గీత మీద సరిగ్గా నిలబడి ఉంది, వెంట్రుక మందం తేడా లేదు. రంగు అదే చిక్కటి ఊదా. చూస్తే దానికి ఏమీ కానట్టే ఉంది. గుజ్జు వెయ్యకుండా పరీక్ష పెట్టాను. యాభై దగ్గర పోవలసిన నీలం నలభై ఒకటి దగ్గరే పోయింది. పొరపాటేమోనని మళ్ళీ చేశాను. నలభై ఒకటి. హైపో మారిందేమోనని కొత్త హైపో కలిపి చేశాను. నలభై ఒకటి. జాడీలోని ద్రావణం సోమవారం ఉన్నంత బలంగా లేదు. దాని బలం తగ్గితే తక్కువే మిగులుతుంది. తక్కువ మిగిలితే, మిగతాదంతా లిగ్నిన్ తిన్నదని నేను లెక్క వేస్తూ వచ్చాను. లేని బంకను మూడు వారాలు ఆ మనిషి నెత్తిన పూశాను. మంచి గుజ్జును ఇంకా ఉడికింపించి కాగితం చిరిగేలా చేసింది కూడా నా అంకెలే.

రోజూ పాలలో నీళ్ళు వెతికే దాన్ని, నా జాడీలో నీళ్ళు కలిసిన సంగతి గుర్తుపట్టలేదు. ఎందుకంటే నేను గీతనే చూశాను.

బాలనర్సమ్మ సింకు దగ్గర ఫ్లాస్కులు కడుగుతోంది. ఆమెను కూర్చోమన్నాను. కూర్చోలేదు. జాడీ ముట్టుకున్నావా అని అడిగాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. ముట్టుకున్నానంది. రోజూ సాయంత్రం ఒక చిన్న నీళ్ళ సీసాలో సగం తీసుకుపోయిందట. మొదట ఆరు గొర్రెలకు, తర్వాత మిగతా వాటికి అంటుకుంటే వాటికీ. దాచకుండా చెప్పింది. అడిగితే చెప్దామని మూడు వారాలుగా కాచుకుని ఉన్నట్టే చెప్పింది.

"మరి నీళ్ళెందుకు పోసినవ్?" అన్నాను. నా నోట్లోంచి కూడా ఇంటి మాటే వచ్చింది.

"మీరు గీత గీసి పోతిరి గద మేడం. మందు గీత కిందికి దిగితే బాలనర్సమ్మ దొంగ అంటరు. అందుకే గీత దాక నల్లా నీళ్ళు పోసిన. మీది మీకు బరాబర్ ఉండాలె గద."

"గీత లేకపోతే?"

"లేకపోతె గిన్ని తీస్కపోయి ఊకుంటుంటి. నీళ్ళు పోసుడెందుకు?"

జాడీలోంచి కొంత తగ్గి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మిగిలింది అదే బలంతో ఉండేది, అంకెలు సరిగ్గా ఉండేవి, ఇస్రాయేలు తన వంట తాను చేసుకునేవాడు. నా గీతే నీళ్ళు పోయించింది. ఆ నీళ్ళ వల్ల ఏమైందో చెబితే బాలనర్సమ్మ మొహం పాలిపోయింది. ఆమెకు ఈ సంగతి కలలో కూడా తెలియదు. ఇస్రాయేలన్న పని పోతుందని తెలిస్తే మొదటి రోజే మీ కాళ్ళు పట్టుకుందును మేడం అని ఏడ్చింది. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు. మొగుడు చనిపోయిన ఏడాది ఆమెకు ల్యాబులో పని ఇప్పించమని సార్‌ను అడిగింది ఇస్రాయేలేనని ఆమె చెబితే నాకు ఆ రోజే తెలిసింది.

మూడు గంటలకు వెంకటేశ్ సార్ ఇస్రాయేలును రమ్మన్నాడు. నాకు అంతకు ముందు రెండు దారులు కనబడ్డాయి, రెండూ సులువే. ద్రావణం పారబోసి, కొత్తది కలిపి, ఇవాళ అంకె బాగుంది సార్ అంటే చాలు. ఎవరూ అడగరు. ఇస్రాయేలు పని నిలుస్తుంది, పేరు మాత్రం చెడిపోయే ఉంటుంది, నా రిజిస్టర్ శుభ్రంగా ఉంటుంది. లేదా బాలనర్సమ్మ నీళ్ళు పోసింది అంటే చాలు. అది నిజమే కూడా. వరండాలో రిజిస్టర్ పట్టుకుని నిలబడి ఈ రెండో మాటను నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకున్నాను. నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు.

లోపలికి పోయి ముందు బ్లాంక్ అంకె చెప్పాను, తర్వాత నిరోష చెప్పిన అంకె, తర్వాత నీళ్ళ సంగతి. నేను అనుకున్నట్టే అయింది. సార్ లేచి నిలబడి, ఇప్పుడే ఆ ఆడమనిషిని గేటు బయటికి పంపించమన్నాడు. ఇస్రాయేలు అప్పటికే తలుపు దగ్గరికి వచ్చి నిలబడి వింటున్నాడు.

"ఆమె నీళ్ళు పోసింది సార్, నిజమే," అన్నాను. "నీళ్ళు కలిస్తే పట్టుకోవడానికే బ్లాంక్ ఉన్నది. రోజూ చెయ్యాలె. నేను చెయ్యలేదు. చేసినట్టు రాసిన."

రిజిస్టర్ తెరిచి ఆయన ముందు పెట్టాను. ఒక నిలువు గడి నిండా యాభై, యాభై, యాభై. ఆయన వెనక్కి పేజీలు తిప్పాడు. కిందటి నెల తిప్పాడు. కిందటి ఏడాది రిజిస్టర్ తెప్పించమన్నాడు. ఎన్నేళ్ళ నుంచి అని అడిగాడు. ఆరేళ్ళన్నాను. మిల్లులో అందరినీ అనుమానించిన నన్ను ఆరేళ్ళలో ఒక్కరూ అనుమానించలేదు. ఆ సంగతి ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది, నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

తలుపు దగ్గర ఇస్రాయేలు ఒకే మాట అన్నాడు. "నేను చెప్పిన గద సార్, వంట మంచిగనే అయితాందని." నా వైపు చూడలేదు. చెప్పులు వేసుకుని డైజెస్టర్ దగ్గరికి పోయాడు. పాత లెక్క ప్రకారమే కాస్టిక్ వేసి రెండో వంట పెట్టాడు.

నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే. బాలనర్సమ్మను పని నుంచి తియ్యవద్దని నేను సార్‌తో గట్టిగా వాదించాను. ఎలా వాదించానంటే ఆమెను తీస్తే నన్నూ తియ్యండని. చివరికి ఆమెను ల్యాబ్ నుంచి మార్చి చెక్కల యార్డులో వేశారు. ఎండలో పని. ఆదివారం నల్గొండ పోయి, నాలుగు దుకాణాలు తిరిగి, ఐదో దుకాణంలో పర్మాంగనేట్ పొట్లాలు కొని తెచ్చి ఆమెకు ఇవ్వబోయాను. "తగ్గినయ్ మేడం. మీ మందుతోనే తగ్గినయ్," అని ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎంత ఎగతాళి ఉందో, ఎంత క్షమ ఉందో నాకు తెలియలేదు. పొట్లాలు మాత్రం తీసుకోలేదు.

సార్ కొత్త రూలు పెట్టాడు. బ్లాంక్ ఇకమీదట రోజూ చెయ్యాలి, నా మాట చాలదు, ఇంకొకరు వచ్చి బ్యూరెట్‌లో అంకె కళ్ళారా చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. ఎవరు? అంకె తప్పితే ఎవరి పని పోతుందో వాళ్ళే. అంటే ఇస్రాయేలు.

సోమవారం తొమ్మిదింటికి అతను వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, సింకు దగ్గర చేతులు కడుక్కుని, షర్టుకు తుడుచుకున్నాడు. బ్యూరెట్ స్టాండుకు బిగించి అలాగే ఉంచాను. యాభై. వంగి చూస్తే కనబడుతుంది. అతను వంగలేదు. రిజిస్టర్ తన వైపు తిప్పుకుని, నేను యాభై అని రాసిన చోట, పక్క గడిలో ఒక్కో అక్షరం దిద్దినట్టు తన పేరు రాశాడు.

"చూసి పెట్టన్నా," అన్నాను.

"నువ్వు చూసినవ్ గద."

"నేను చూసిన అని రాసి ఆరేండ్లు చూడలే. నీకు తెలుసు."

"తెలుసు."

"నా మీద కోపం లేదా?"

అతను పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. "ఎందుకు లేదు? మస్తుగ ఉన్నది. మూడు వారాలు నాకు బుక్క దిగలే. ఇంట్ల మొహం ఎత్తలే. గా కోపం ఇప్పట్ల పోదు బిడ్డా. గట్లని నువ్వు నా వంట చూసుకుంట, నేను నీ బుడ్డి చూసుకుంట కూసుంటె, ఇగ కాయితం ఎవరు చెయ్యాలె?"

అంతే అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి డైజెస్టర్ ఆవిరి చప్పుడు వినబడింది. మొదటి వంట మొదలైంది.

నేను మారిపోయానని చెప్పను. మర్నాడు పొద్దున కూడా సాయిలు క్యాన్‌లో గాజు గొట్టం ముంచాను, అతను ఎప్పటిలాగే మొహం ముడుచుకున్నాడు. కానీ ఆ సోమవారం ఇస్రాయేలు పోయాక నేను తలుపు దగ్గరగా వేసి, బ్యూరెట్ కడిగి, నింపి, ఆ బ్లాంక్ మళ్ళీ మొదటి నుంచి చేశాను. చూడకుండా పెట్టిన ఆ సంతకం పక్కన నా యాభై తప్పు కాకూడదని. ఆరేళ్ళలో నేను దేనికీ అంత భయపడలేదు. చివరి చుక్కల దగ్గర బ్యూరెట్ కొళాయిని ఒక్కో చుక్కకూ ఆపి చూశాను. రెండు చేతులతో పట్టుకుని తిప్పాను.

యాభై వచ్చింది. అప్పుడు ఏడ్చాను.